టైర్లు గోధుమ రంగులోకి ఎందుకు మారతాయి? కడిగే ముందు ఇది వినండి

ధర్మసాగర్ కట్ట మీద ఉన్నా. వెనకాల చెరువు కనిపిస్తోంది కదా, టైర్లు ఇక్కడే కడుగుతా అనుకోకండి. ఎందుకో చెప్తా.

కొత్త టైరు నల్లగా ఉంటది, కొన్ని నెలలకు గోధుమ రంగు తేలుతది. మట్టి అనుకొని నేను ఎంత రుద్దానో! అంతా మట్టి కాదట. గాలిలోని ఓజోన్‌కు రబ్బరు పగలకుండా కంపెనీలు 6పీపీడీ లాంటి రసాయనం కలుపుతాయి. అది లోపలి నుంచి మెల్లగా పైకి వచ్చి, ఓజోన్‌తో కలిసి గోధుమ రంగు అవుతది. అంటే టైరు పాడైనట్టు కాదు, అది చేయాల్సిన పనే చేస్తోంది.

అందుకే పూర్తిగా ఆపలేం, తగ్గించగలం. నీడలో, టైరు చల్లబడ్డాక, కార్ షాంపూ నీళ్లతో, గట్టి బ్రష్‌తో పక్కలు రుద్దండి. నురుగు గోధుమ రంగులో వచ్చినంతసేపు మళ్లీ మళ్లీ. తెల్లగా వచ్చాక ఆపేయండి. రుద్దేటప్పుడు పగుళ్లున్నాయేమో కూడా చూసుకోండి. బాగా ఆరాక వాటర్ బేస్డ్ డ్రెస్సింగ్ పల్చగా పూసి, మిగిలింది గుడ్డతో తుడవండి. డీజిల్ పూసేవాళ్లున్నారు, వద్దు బాబూ, రబ్బరును తినేస్తది. రోడ్డుకు ఆనే భాగానికి ఏదీ పూయొద్దు, బ్రేక్ కొడితే బండి జారుతది.

ఇక చెరువు సంగతి. ఆ 6పీపీడీ ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే ఒక పదార్థం వాన నీళ్లతో వాగుల్లోకి చేరి, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో తేల్చారు. ఈ చెరువు నీళ్లేమో వరంగల్ వాళ్లు తాగుతారు. కట్ట మీద బకెట్ పెట్టిన తమ్ముళ్లూ, బండి ఇంటికి తీసుకుపోండి. నేనూ అటే పోతున్నా, బ్రష్ అక్కడే ఉంది.