కరెంటు పెట్టిన రొమ్ము కింద గుండె ఉంది
(మహిళా కూలీల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేం డాక్టర్లం కాదు. బడిపంతుళ్లం. పగలు బళ్లో పాఠాలు చెప్పి, పొద్దుగూకాక పేటలో జబ్బుపడ్డ వాళ్ల కాగితాలు చదివి పెట్టే వాళ్లం. ఏ ఆస్పత్రికి పోవాలి, ఏ కిటికీ ముందు నిలబడాలి, ఈ చీటీలో ఏం రాసుంది - ఇది మాకు రెండో ఉద్యోగం. మా అమ్మానాన్నలు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏముందో వాళ్లకి ఎవరూ చదివి చెప్పలేదు. అందుకే కాగితం విలువ మాకు తెలుసు. ఆ కాగితాలు చదవబట్టే ఇవాళ ఈ సంగతి మీ ముందు పెడుతున్నాం.

క్యాన్సరు తగ్గిన మనిషికి ఏళ్లు గడిచాక గుండె జబ్బు రావచ్చు. ఒక్కోసారి ఆ జబ్బు క్యాన్సరుకు పెట్టిన కరెంటు వల్లనే వస్తుంది. దాన్ని కనిపెట్టటానికి ముందుగా కావాల్సింది పెద్ద మిషను కాదు. "నీ ఛాతీకి ఎప్పుడన్నా కరెంటు పెట్టారా అమ్మా?" అన్న ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న అడిగే తీరిక మన ముందు కూర్చున్న డాక్టరుకు ఉండదు. చెప్పే ధైర్యం మనకుండదు. ఈ రెంటి మధ్యా గుండె పాడైపోతోంది.

ఇంకా ముందుకు పోకముందే ఒక మాట. మేం కరెంటు వద్దని చెప్పటానికి రాలేదు. రేడియేషన్‌ను మనోళ్లు కరెంటు అంటారు గానీ అది కరెంటు కాదు, కంటికి కనపడని కిరణాలు. కోబాల్టు మిషను నుంచో, లీనియర్ యాక్సిలరేటర్ నుంచో వస్తాయి. క్యాన్సరు కణాలను చంపుతాయి. ఆపరేషను అయిన చోట గడ్డ తిరగబెట్టకుండా కాపాడతాయి. ఎంతోమంది తల్లులు ఇవాళ మన మధ్య తిరుగుతున్నారంటే అందులో ఆ కిరణాల పాలు కూడా ఉంది. డాక్టరు పెట్టించుకోమంటే పెట్టించుకోండి. సగంలో మానొద్దు. మా మాట విని ఎవరన్నా మానేస్తే ఆ పాపం మేం మొయ్యలేం.

అయితే రొమ్ము కింద ఏముంది? పక్కటెముకలు, వాటి వెనక గుండె. ఎడమ రొమ్ముకు మరీ దగ్గర. గుండెకు నెత్తురు మోసే రక్తనాళాల్లో ముఖ్యమైనది ముందు వైపే దిగుతుంది. రొమ్ముకు పెట్టినా, ఛాతీ మధ్యలో గడ్డలొచ్చే హాడ్జ్‌కిన్ లింఫోమాకు పెట్టినా, ఊపిరితిత్తికీ ఆహారనాళానికీ పెట్టినా ఎంతో కొంత గుండెకు తగులుతుంది.

గుండె గట్టి కండ, కిరణాలకు లొంగదు అని చాలాకాలం వైద్యులే నమ్మారు. 1960ల్లో హాడ్జ్‌కిన్ జబ్బు తగ్గిన రోగుల గుండెల్ని చూశాక ఆ నమ్మకం పోయింది. 2013లో ఇంకో పెద్ద లెక్క బయటికొచ్చింది. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో 1958 నుంచి 2001 దాకా రొమ్ము క్యాన్సరుకు కరెంటు పెట్టించుకున్న ఆడవాళ్లలో 2,168 మంది వివరాలు తీసి చూశారు. గుండెకు తగిలిన మోతాదును గ్రే అనే కొలతతో కొలుస్తారు. ఒక్కో గ్రే పెరిగే కొద్దీ గుండెపోటు లాంటి ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. ఇంతకు తక్కువైతే ఏమీ కాదు అని గీత గీయటానికి వీల్లేకపోయింది. ముప్పు మొదటి ఐదేళ్లలోనే మొదలైంది, ఇరవై ఏళ్లు దాటినా పోలేదు. ముందే గుండెకు ముప్పు తెచ్చే కారణాలు ఉన్నవాళ్లకు దెబ్బ ఇంకా ఎక్కువ.

ఈ లెక్క వాళ్లకెట్లా దొరికింది? ప్రతి మనిషి కాగితమూ దాచబట్టి. 1958లో ఒక తల్లి ఛాతీకి పెట్టిన కరెంటు వివరం యాభై ఏళ్లకు కూడా బీరువాలో ఉండబట్టి.

మన దగ్గరో? 2002 నాటి భారత వైద్యమండలి నియమాల ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డును వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. గుండె జబ్బేమో పదేళ్లకో, పదిహేనేళ్లకో బయటపడుద్ది. మూడేళ్లు దాటాక ఆ కాగితం ఉండాలన్న పూచీ లేదు. లెక్కల పంతుళ్లు కానక్కర్లేదు, ఈ తీసివేత మీరే చేసుకోండి.

ఇప్పుడు కరెంటు గుండెను ఏం చేస్తుందో చూద్దాం. గుండె చుట్టూ ఒక పలచటి సంచి ఉంటుంది. అది వాచి నీరు పట్టొచ్చు. ఏళ్లు గడిచాక మందమై, గట్టిపడి, గుండెను పిడికిట్లో పట్టినట్టు బిగించొచ్చు. నెత్తురు నాళాలు సన్నబడొచ్చు. కవాటాలు సున్నం పట్టి గట్టిపడొచ్చు. కండ బిరుసెక్కొచ్చు. గుండె కొట్టుకునే తాళం తప్పొచ్చు.

వీటిలో ఏ ఒక్కటీ "నేను కరెంటు వల్ల వచ్చాను" అని చెప్పదు. అన్నీ వేరే జబ్బుల వేషంలో వస్తాయి. అందులోనూ పేదోళ్ల జబ్బుల వేషంలో. సంచి గట్టిపడితే కాళ్లు వాస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. చూసిన వాళ్లు లివరు అంటారు. సంచి దాకా పోయిన డాక్టరు కూడా మన దేశంలో ముందు టీబీ అనుకుంటాడు. కవాటం పాడైతే చిన్నప్పటి కీళ్ల జ్వరం అనుకుంటాడు. ఆయాసమైతే ఉబ్బసం, నెత్తురు తక్కువ. గుండెలో బరువైతే గ్యాసు. ఇవన్నీ మన వాడల్లో నిజంగా ఉన్న జబ్బులే. అందుకే పొరపాటు సులువు.

మేం ఎరిగిన ఒక తల్లి ఉండేది. మిరపకోతల్లో సాళ్లు పట్టి అందరికన్నా ముందు నడిచేది. ఎడమ రొమ్ముకు ఆపరేషను, కరెంటు అయ్యి పన్నెండేళ్లు. క్యాన్సరు పోయింది. తర్వాత సాలు సగానికి రాకముందే ఆయాసం. ఊళ్లో సూదులేసే ఆయన గ్యాసు బిళ్లలిచ్చాడు. పట్నంలో ఒక ఆస్పత్రిలో ఉబ్బసమని పీల్చే మందిచ్చారు. ఏడాదిన్నర తిరిగింది. రొమ్ము సంగతి ఎక్కడా చెప్పలేదు. పెళ్లి కావాల్సిన కూతురుంది, నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని భయం. చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ గుండె వినటానికి జాకెట్టు పక్కకి జరిపి, నల్లబడ్డ చర్మం, కుట్ల మచ్చ చూసి అడిగింది. ఆ ఒక్క చూపుతో జబ్బు పేరు మారింది. మందు మారింది. అప్పటికి ఏడాదిన్నర పోయింది. ఆ ఏడాదిన్నర ఆమెకు ఎవరిస్తారు?

కనిపెట్టే దారి ఉంది. డాక్టరు ముందు కథ వినాలి: ఏ వైపు, ఎన్నేళ్లయింది, ఎంత మోతాదు, అడ్రియామైసిన్ అనే ఎర్రటి మందు ఎక్కించారా అని. ఎందుకంటే అది కూడా గుండె కండను దెబ్బ తీస్తుంది. రెండూ కలిస్తే ముప్పు ఎక్కువ. తర్వాత ఈసీజీ. తర్వాత ఎకో. సంచి, కండ, కవాటాలు దాన్లో కనపడతాయి. కీళ్ల జ్వరంలో కవాటపు రేకుల అంచులు అతుక్కుంటాయి. కరెంటు దెబ్బలో అంచులు చాలావరకు బాగానే ఉండి మొదళ్లు మందమవుతాయి. కథ తెలిసిన డాక్టరు ఆ తేడా వెతుకుతాడు, తెలియని డాక్టరు వెతకడు. అవసరమైతే నడిపించి చేసే పరీక్ష, స్కానింగు, యాంజియోగ్రామ్. బైపాస్ ఆపరేషను చేయాల్సి వచ్చినా సర్జనుకు ఇది తెలియాలి. గుండెకు అతికించటానికి ఛాతీ లోపలి నుంచి తీసే రక్తనాళం కూడా అదే కరెంటు కింద పడి ఉంటుంది.

ఏ బాధా లేని వాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. 2013లో యూరప్, అమెరికా ఎకో నిపుణుల సంఘాలు కలిసి చెప్పాయి: ఛాతీకి కరెంటు పెట్టిన పదేళ్లకు ఎకో తీయాలి, ముప్పు ఎక్కువున్న వాళ్లకు ఐదేళ్లకే తీయాలి, ఆపైన ప్రతి ఐదేళ్లకూ తీయాలి. ఎకో తియ్యటానికి కొయ్యక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలిజనం కరెంటు మిషను దాకా పోగలిగారు. మంచిదే. కానీ క్యాన్సరు ఒక కేసు, గుండె ఇంకో కేసు. ఈ రెండు కేసులూ ఒకే తల్లి ఒంట్లో ఉన్నాయని ఏ ఫైలు చెప్పాలి? వైద్యం ఇచ్చినోళ్లు ఆ తర్వాతి ఇరవై ఏళ్ల కాపలా కూడా ఇవ్వాలి. అది దయ కాదు, వైద్యంలో మిగిలిపోయిన సగం.

కాబట్టి మనం అడగాల్సినవి అడుగుదాం. కరెంటు మొదలుపెట్టక ముందే అడగండి: "గుండెకు తగలకుండా ఏం చేస్తారు?" అని. ఊపిరి నిండా పీల్చి బిగబట్టించి పెట్టే పద్ధతి ఉంది. అప్పుడు గుండె రొమ్ముకు దూరం జరుగుతుంది. ఆ ఆస్పత్రిలో ఉందో లేదో కనుక్కోండి. కరెంటు అయిపోయిన రోజు చేతులూపుకుంటూ రావొద్దు. ఏ వైపు, ఎన్ని గ్రేలు, ఎన్ని రోజులు, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా, ఏ మందులు - ఇవన్నీ రాసిన కాగితం చేతికి తీసుకోండి. నాలుగు జిరాక్సులు తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి బిడ్డ దగ్గర, ఒకటి ఆశా కార్యకర్త దగ్గర, ఒకటి మీ ఊరి పంతులు దగ్గర. రేషన్ కార్డు దాచినట్టు దాచండి. బీపీ, షుగరు చూపించుకోండి. చుట్ట, పొగాకు మానండి.

చివరిగా సిగ్గు సంగతి. ఆ జబ్బు మనం చేసిన తప్పు కాదు. కప్పుకోవాల్సింది రొమ్మును, రోగాన్ని కాదు. ఏ డాక్టరు ముందు కూర్చున్నా, ఏ బాధతో పోయినా, ఆయన అడిగినా అడక్కపోయినా మొదటి మాట ఇదే కావాలి: "అయ్యా, నా ఛాతీకి కరెంటు పెట్టారు. ఇదిగో కాగితం."