మన్ను లేని పంట



పుట్టగొడుగులను గూర్చి ప్రసంగింపుమని కోరినప్పుడు నాకే నవ్వు వచ్చినది. గురువుగారి యింట సంస్కృతము చదివి, ముప్పదేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. మనుస్మృతి యైదవ యధ్యాయము వెల్లుల్లి, నీరుల్లితో పాటు పుట్టగొడుగును గూడ ద్విజులకు నిషేధించినది. ఆ నియమమును బట్టి నేను నేటికిని దానిని భుజింపను. అయినను పండించుట నేర్చితిని. ఎందుకు నేర్వవలసి వచ్చినదో చెప్పెదను.

తొలకరి యురుములకు పుట్టగొడుగులు లేచునని మన పల్లెలలో నెఱుగనివారు లేరు. కాళిదాసును మేఘసందేశమున ఈ సంగతినే ప్రస్తావించెను. పుట్టపై లేచునది చెదపురుగులు తమ కొఱకు లోపల పెంచుకొను శిలీంధ్రము. దానిని మన మింట పెంచజాలము. ఇక చెట్ల క్రిందను, పెంటలపైనను లేచువానిలో విషజాతు లనేకములు. పురుగు తిన్నది మంచిదనియు, వెండిని నల్లబఱుపనిది మంచిదనియు పెద్దలు చెప్పు గుఱుతులు నమ్మదగినవి కావు. కొన్నింటి విషము ఉడికించినను పోదు. తిన్న ఆఱు గంటలకు గాని, ఒక్కొక్కప్పు డింకను ఆలస్యముగా గాని వాంతులు మొదలుకావు. అవి తగ్గి మనిషి తేఱుకొన్నట్లు కనబడుచుండగనే లోపల కాలేయము చెడుచుండును. కావున ఏఱుకొని తినుట మాని పెంచుకొని తినుట మేలు.

ఇంట పెంచుటకు ముత్యపుచిప్ప పుట్టగొడుగు అనువైనది. దీనిని వరిగడ్డిపై పెంచు విధమును మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 1962 లో ప్రకటించిరి. సెంటు భూమి అక్కఱలేదు, పిడికెడు మన్నైనను అక్కఱలేదు. మా పొరుగున భూమి లేని యొక యిల్లాలు కలదు. ఆమె భర్త మంచము పట్టి యుండెను. నేనొక పుస్తకము చదివి, "అమ్మా, ఇది చేసి చూడుము" అంటిని. ఆమె కూలిడబ్బుతో విత్తనము కొనెను. గడ్డిని చాలసేపు వేడినీట నుంచవలెనని పుస్తకమున నున్నను, వంటచెఱకు ఖర్చని తలచి, కాగిన నీళ్లు పైన పోసిన చాలునని చెప్పినవాడను నేనే.

పదియవ నాడు ఆమె పరుగున వచ్చి, "పంతులుగారూ, గడ్డి పచ్చబడింది, మొలకలేనాండీ?" అని యడిగినది. నేనును సంతోషించితిని. పచ్చదనము పైరునకు శుభలక్షణమే గదా! రెండు దినములలో సంచులన్నియు దుర్వాసన కొట్టినవి. అది పచ్చబూజు. పుట్టగొడుగు పైరు కాదు. దానికి పత్రహరితము లేదు. ఎండను, మన్నును ఆశ్రయింపక గడ్డినే జీర్ణించుకొని బ్రతుకును. ఆ గడ్డిలో ముందే వేఱొక బూజు కాపురమున్నచో అదే గెలుచును. నా తొందరపాటుచే ఆమె కూలిడబ్బు పోయినది. ఆమె నన్నొక మాటయు అనలేదు. అది నాకు మఱింత బాధ కలిగించినది.

రెండవమాఱు విత్తనము నేను కొంటిని, మా యింటి పెద్ద గుండిగ నిచ్చితిని. తడిసి నల్లబడని క్రొత్త గడ్డిని రెండంగుళముల ముక్కలుగా నఱికి, రాత్రియంతయు చన్నీట నానబెట్టితిమి. తెల్లవాఱి వడకట్టి, మరుగుటకు కొంచెము తక్కువగా, 80 డిగ్రీల వేడినీట గంటసేపు ముంచి యుంచితిమి. తరువాత శుభ్రమైన గుడ్డపై ఆరబోసితిమి. పిడికిట పిండిన చేయి తడి కావలెను గాని చుక్క రాలరాదు. ఈ తడి యెఱుగుటయే యిందలి విద్య యంతయు. చేతులు సబ్బుతో కడిగికొని, పాలిథిన్ సంచిలో గడ్డి యొక వరుస, జొన్నగింజలపై పెంచిన విత్తనమొక వరుసగా నింపి, మూతి కట్టి, సంచికి సన్నని రంధ్రములు పొడిచితిమి. పొడిగడ్డి కిలోకు నూఱు గ్రాముల విత్తనము చాలును.

చీకటిగదిలో ఉట్టివలె వ్రేలాడదీయగా పదునెనిమిది దినములకు గడ్డియంతయు తెల్లని నూలు అల్లినట్లు గట్టిపడినది. అప్పుడు సంచి చీల్చి, గాలి వెలుతురు తగులు చోటికి మార్చి, దినమునకు రెండు మాఱులు నీరు చిలుకరించితిమి. నాల్గవ నాడు గుండుసూది తలలంత మొటిమలు, ఏడవ నాడు గుత్తులు! అంచులు మెలిపడక మునుపే కోయవలెను. ముదిరినచో సన్నని పొడి రాలి దగ్గు పుట్టించును. వారము పది దినముల యెడముతో మూడు కోతలు వచ్చును. కిలో పొడిగడ్డికి అరకిలో మొదలు కిలో వఱకు దిగుబడి.

వానకాలము మొదలు మాఘము వఱకే దీనికి మన యెడల అనుకూలము. కొనువారిని ముందే చూచుకొనవలెను, ఏలయన కోసిన మఱునాటికే వాడిపోవును. మిగిలినచో ఎండబెట్టవచ్చును, పదిపాళ్లు ఎండి ఒకపాలగును. విత్తనము కొన్ని కృషి విజ్ఞాన కేంద్రములలో దొరకును.

ఆమె యిప్పుడు చలికాలమంతయు ఎనిమిది సంచులు త్రిప్పుచున్నది. కోతలు ముగిసిన గడ్డిని మా పెరటి వంగమడికి తెచ్చి వేయుచున్నది. ఆ వంకాయలు మాత్రము నేను నిస్సంకోచముగా భుజించుచున్నాను.