ఏ దేశానికి ఏ ఆట, మన పిల్లలకు ఏ ఆట
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో చదువుకొని, ఉర్దూ మీడియం బడిలోనే పిల్లలకు హిసాబు చెప్పుకుంటున్న వాళ్లము. పదేండ్లు పాలమూరు వైపు, ఆ తరువాత నల్లగొండ వైపు పని చేసినాము. మా తెలుగులో అక్కడక్కడ ఉర్దూ వాసన తగులుతుంది. ఈ రెండు జిల్లాల వారికి అది కొత్త గాదు గనుక మన్నిస్తారు. పోయిన సంవత్సరం ఇదే సభలో స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడమన్నారు, మాట్లాడినాము. ఈసారి ఆటల గురించి చెప్పమన్నారు. ఎందుకో సభలో సగం మందికి ఎరుకే. బడి వెనుక వున్న సొసైటీ జాగలో షాదీఖానా, మల్గీలు కట్టాలన్న మాట నడుస్తున్నది. ఆ మాట దగ్గరకు వస్తాము, కాని కొంచెం చుట్టు తిరిగి రావాలె.

మా ఏడవ తరగతి పిల్లవాడొకడు ఒకనాడు లేచి, "సార్, దునియా అంతా ఫుట్‌బాల్ ఆడుతరట గదా, మనమెందుకు క్రికెట్టే ఆడుతము?" అని అడిగినాడు. మాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. రేపు చెప్తా కూర్చో అన్నాము. ఉస్తాదులందరికీ తెలిసిన ఉపాయమే అది.

ఫుట్‌బాల్ ప్రపంచ సంఘంలో 211 సభ్య సంఘాలు వున్నవి. క్రికెట్టులో టెస్టు ఆడే దేశాలు 12 మాత్రమే. ఆ లెక్కన పిల్లవాడి మాట నిజమే. కాని ఫుట్‌బాల్ అన్న పేరు పెట్టుకున్న ఆటలే ఆరేడు రకాలు. 1863లో లండన్‌లో నియమాలు రాసుకున్న ఆట మనం చూసేది. చేతులతో బంతి పట్టుకొని పరుగెత్తే రగ్బీకి 1871లో వేరే సంఘం పుట్టింది. అమెరికా వారిది ఇంకో రకం, కోడిగుడ్డు ఆకారపు బంతి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వారు 1859లోనే తమ సొంత నియమాలు రాసుకున్నారు, ఈనాటికీ ఆ ఊరిలో ఫుట్‌బాల్ అంటే అదే. అదే దేశంలో సిడ్నీకి పోతే ఫుట్‌బాల్ అంటే రగ్బీ లీగ్. ఒకే దేశం, ఒకే భాష, ఒకే రకం జనం. ఆట మాత్రం వేరు.

ఈ రగ్బీ లీగ్ పుట్టిన కథ మన పాలమూరు వాళ్లు వినదగ్గది. ఇంగ్లండు ఉత్తరాన బట్టల మిల్లులలో, బొగ్గు గనులలో పని చేసే కూలీలు రగ్బీ బాగా ఆడేవారు. ఆటకు పోతే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించండి అన్నారు. దక్షిణాది పెద్దమనుషులు, ఆటకు పైసలేమిటి, మర్యాద కాదు అన్నారు. కడుపు నిండిన వారికి ఆ మాట చెప్పడం సులువు. 1895లో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్నవి. తరువాత జట్టుకు 15 మందిని కాస్త 13 చేసి ఆటనే మార్చుకున్నవి. అంటే కూలి లెక్క మీద ఒక ఆట రెండు ఆటలైంది. కట్టలు కట్టడానికి, కాలువలు తవ్వడానికి దేశమంతా పోయిన జిల్లా మనది. రోజు కూలి పోతే ఇంట్లో ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఐర్లండు వారి సంగతి ఇంకో తీరు. 1884లో సంఘం పెట్టుకొని తమ గేలిక్ ఫుట్‌బాల్‌ను నిలుపుకున్నారు. ఇంగ్లీషు వారి ఆటలు ఆడిన వారిని సంఘం నుంచి తీసివేసే నియమం 1971 దాకా వుండినది. అది మాకు నచ్చదు. ఒక ఆటను కాపాడడానికి ఇంకో ఆటను నిషేధించడం ఎందుకు? కాని పేట పేటకూ ఒక క్లబ్బు పెట్టుకున్నారు చూడండి, అది మాత్రం నేర్చుకోదగ్గది.

ఇక మన గడ్డ మీదికి వస్తాము.

మా అబ్బాజాన్ రేడియో పక్కన కూర్చొని చెప్పేవారు: హైదరాబాద్ అంటే ఒకప్పుడు ఫుట్‌బాల్ షహర్. మేము నమ్మేవాళ్లం కాదు. మాకు ఊహ తెలిసేసరికి అజహరుద్దీన్ తప్ప ఇంకెవరూ కనబడలేదు. తరువాత చదివి తెలుసుకున్నాము. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956-57లో, 1957-58లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ తెచ్చింది. ఈ జట్టును తయారు చేసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 1909లో పుట్టినారు, ఉస్మానియాలో బి.ఏ. చదివినారు. ఆయన బడి పంతులు! కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడులలో పాఠాలు చెప్పినారు. ఈ మాట చెప్పేటప్పుడు మా గొంతు కొంచెం పెద్దదవుతుంది, ఏమనుకోకండి.

రహీం సాహెబ్ హయాములో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు పోయి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మన వారిలో కొందరు ఆ చలిలో బూట్లు లేకుండానే ఆడినారు. నాలుగేండ్లకు, 1956లో, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదనే 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరినారు. చివరికి నాలుగవ స్థానం దక్కింది. ఆ మెల్‌బోర్న్ వాసుల ఫుట్‌బాల్ వేరే అని ఇంతకు ముందే చెప్పుకున్నాము గదా. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికి రహీం సాహెబ్‌కు క్యాన్సర్. 1963 జూన్‌లో కాలం చేసినారు. ఆయన మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. మా తరగతిలో సగం మందికి ఆయన పేరు ఆ సినిమాతోనే తెలిసింది.

ఆయన పద్ధతి మాకు బాగా నచ్చుతుంది. కుడికాలు వాటం వాళ్లకు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. బలహీనమైన కాలికి తాలీమ్ ఇవ్వాలె గాని, బలమైన కాలిని మెచ్చుకుంటూ కూర్చుంటే లాభమేమి? లెక్కలలో మేము కూడా అదే చేస్తున్నాము, పిల్లలు తిట్టుకుంటున్నారు.

మరి అంత ఆట ఎట్లా పోయింది? ఉస్తాద్ పోవడం ఒకటి. మంచి ఆటగాళ్లు 1950ల చివరి నుంచే కలకత్తా బాట పట్టడం ఇంకొకటి. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయినాడు. తరువాత నయీముద్దీన్, హబీబ్ పోయినారు. 1977లో పెలే జట్టు కాస్మాస్ కలకత్తాకు వస్తే, 2-2తో ముగిసిన ఆ ఆటలో మోహన్ బగాన్ తరఫున ఒక గోలు కొట్టింది మన హబీబే. అన్నిటికన్నా పెద్ద కారణం నౌకరీ అని మా అభిప్రాయం. ఫుట్‌బాల్ ఆడితే పోలీసులో కొలువు దొరుకుతుందన్నంత కాలం తల్లిదండ్రులు పిల్లలను మైదానానికి పంపినారు. ఆ దారి మూసుకుపోయిన తరువాత, ఆవారాగా తిరుగుతున్నావు, లోపలికి రా అన్నారు. తప్పు వారిది కాదు. 2019లో హైదరాబాద్ పేరుతో ఒక పెద్ద లీగు జట్టు వచ్చి 2021-22లో కప్పు కూడా గెలిచింది. పైసల చిక్కులలో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కింద బడి మైదానాలు లేకుండా పైన జట్టు పెడితే నీళ్లు లేని బావికి మోట కట్టినట్లే.

క్రికెట్ ఎందుకు నిలిచిందంటే, 1983 ప్రపంచ కప్పు, ఇంటింటికీ టీవీ, ఇవి అందరికీ తెలిసినవే. మేము చెప్పేది గల్లీ సంగతి. ఒక బ్యాటు, ఒక టెన్నిస్ బాలు, మూడు ఇటుకలు చాలు. గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీసినా వికెట్టే. ఫుట్‌బాల్ గల్లీలో ఆడితే మోరీలో పడుతుంది, ఎవరి గిన్నెలకో తగులుతుంది. మైదానాలు పోయినకొద్దీ క్రికెట్ గల్లీలో దూరి బతికింది. ఆటో నడిపే తండ్రి కొడుకు సిరాజ్ టెన్నిస్ బాలుతో మొదలుపెట్టి 2020 డిసెంబరులో అదే మెల్‌బోర్న్‌లో దేశానికి టెస్టు ఆడినాడు. మాకు గర్వమే. కాని క్రికెట్టులో పదకొండు మందికి బంతి ఒకటే, సగం మంది ఎండలో నిలబడి చూస్తుంటారు. ముప్పై మంది పిల్లలను గంటలో అలసిపోయేట్లు ఆడించాలంటే ఇతర ఆటలే మేలు. ఇది ఉస్తాదు లెక్క, అభిమానుల లెక్క కాదు.

మన ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ చావలేదు. పండుగకు పోటీలు పెడితే జనం ఇప్పటికీ వస్తరు. మగవారి కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు జాగ చాలు, వస్తువులేమీ అక్కరలేదు. అది మన ఆటే, ఎక్కడికి పోతుందనుకున్నాము. 1990లో ఆసియా క్రీడలలో చేరినప్పటి నుంచి మగవారి స్వర్ణం ప్రతిసారీ మనదే. 2018లో జకార్తాలో ఇరాన్ వారు తీసుకుపోయినారు. ఆడపిల్లల ఫైనల్‌లో కూడా ఇరాన్ చేతిలో 27-24తో ఓడినాము. ఆ ఇరాన్ అమ్మాయిలు తలకు గుడ్డ కట్టుకొనే ఆడినారు.

తల్లులారా, ఈ మాట మీ కోసమే చెప్తున్నాము. ఆడపిల్ల ఆడాలంటే పర్దా వదలాలె అనేది పాత భయం. ఫుట్‌బాల్ సంఘం కూడా 2014లో తలగుడ్డకు అనుమతి ఇచ్చింది. 2023 ప్రపంచ కప్పులో మొరాకో అమ్మాయి నుహైలా బెంజినా హిజాబుతో ఆడింది. మన బడిలో ఆడపిల్లలు ఎక్కువ, ఆటల పీరియడులో వారు గోడ నీడకు కూర్చొని మగపిల్లల సంచులు కాపలా కాస్తున్నారు. వారికి ప్రహరీ గోడ వున్న జాగ కావాలె, అంతే.

ఇప్పుడు జాగ మాట. షాదీఖానా కావాలనే వారు మన శత్రువులు కారు. పెండ్లికి ఫంక్షన్ హాలు కిరాయి కట్టలేక అప్పులైన ఇండ్లు మాకు తెలుసు. మల్గీల కిరాయితో పిల్లల ఫీజులు కట్టవచ్చునన్నది కూడా నిజమే. పోయిన సంవత్సరం ఫీజుల గురించి అడిగింది మేమే. కాని మేము చదివిన బడికి ఒక మైదానం వుండేది. దానిలో మొదట ఒక గది, తరువాత ఒక షెడ్డు, తరువాత ఒక గోదాము వచ్చినవి. వద్దని ఎవరూ అనలేదు, మేము కూడా అనలేదు. ఇప్పుడు అక్కడ సైకిల్ తిప్పే చోటు లేదు.

మొన్న తాడు పట్టి కొలిచినాము. జాగ నిలువు 66 గజాలు, రోడ్డు వైపు అడ్డం 48 గజాలు. పూర్తి ఫుట్‌బాల్ మైదానం రాదు. కాని కేరళలో మలప్పురం వైపు చూడండి. కోత అయిన వరి మడులలో జట్టుకు ఏడుగురితో ఆడతారు, సెవెన్స్ అంటారు. వేల మంది చూస్తరు. ఏడుగురి ఆటకు మన జాగ సరిపోతుంది. రోడ్డు వైపు ఐదు గజాల లోతుతో, పది అడుగుల వెడల్పువి పన్నెండు మల్గీలు కట్టుకోవచ్చును. ఇంకా 24 అడుగులు గేటుకు మిగులుతుంది. వెనుక 61 గజాలు పిల్లలకు. షాదీఖానా మల్గీల పై అంతస్తులో కట్టగలమా, లేక వేరే జాగ చూడవలెనా అన్నది ఇంజనీరును అడిగి కమిటీ తేల్చాలె. మేము అడిగేది ఒకటే, ఆ 61 గజాలు మైదానమని తీర్మానంలో రాసి పెట్టండి. నోటి మాట మీద వదలవద్దు.

ఆ పిల్లవాడికి మరునాడు జవాబు చెప్పినాము. ఎక్కడ ఎవరు మైదానం ఇచ్చి, ఎవరు నేర్పించి, ఎవరు కొలువు ఇచ్చినారో అక్కడ ఆ ఆట నిలిచింది అన్నాము. వాడు, "మరి మనకు ఎవరు ఇస్తరు సార్?" అన్నాడు. దానికి రేపు చెప్తా అనలేదు.

వచ్చే ఆదివారం ఫజర్ నమాజు అయినాక తాడు, సున్నం డబ్బా పట్టుకొని మేము ఆ జాగలో వుంటాము. సదర్ సాహెబ్ కూడా వస్తామన్నారు. గోలు స్తంభాలకు పాత నీళ్ల పైపులు ఇద్దరు సోదరులు ఇస్తామన్నారు. ఇంకా రెండు తక్కువ పడుతున్నవి.