రొట్టెల కోసం వచ్చిన జనం

నల్ల గౌన్లలో చెమటోడుస్తున్న, పాస్టర్లు కాబోతున్న పట్టభద్రులారా, తర్లుపాడు, కొనకనమిట్ల, పెదారవీడు పల్లెల్లో తిరిగి తల నెరిసిన పాస్టరు ఒకడు ఈ పూట మీ ముందు నిలబడ్డాడు. అతని మనసులో బాధ ఒక్కటే ఉంది. దాన్ని కాస్త గట్టిగానే చెబుతాడు.

యోహాను సువార్త ఆరో అధ్యాయం మీ అందరికీ కంఠతా వచ్చు. అయిదు వేలమంది పురుషులు కడుపునిండా తిన్నారు. మర్నాడు అదే జనం పడవలెక్కి, సముద్రం దాటి, కపెర్నహూము దాకా యేసును వెతుక్కుంటూ వచ్చారు. ఏ బోధకుడైనా పొంగిపోవాల్సిన సందర్భం. ఆయన పొంగిపోలేదు. మీరు రొట్టెలు తిని తృప్తిపడ్డారు గనక వచ్చారని మొహం మీదే అన్నాడు. తర్వాత చెప్పిన మాటలు మింగుడుపడక శిష్యుల్లోనే చాలామంది వెనక్కి తిరిగిపోయారు. ఆయన వాళ్లను ఆపడానికి మాట మెత్తబరచలేదు. మిగిలిన పన్నెండుమందినీ మీరు కూడా వెళ్తారా అని అడిగాడు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ముందురోజు రొట్టె పంచినప్పుడు ఆయన ఏ షరతూ పెట్టలేదు. నమ్మినవాళ్లకే అనలేదు, రేపు సభకు రావాలనలేదు. ఆకలి చూశాడు, పెట్టాడు. పెట్టడంలో బేరం లేదు, పిలవడంలోనూ బేరం లేదు.

ఈ మాట మన ఒంగోలు వైపు మట్టిలో ఒకసారి అక్షరాలా జరిగింది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర గురించి మీ సిలబస్‌లో రెండు పేజీలుంటాయేమో. ఆయన ఒంగోలు వచ్చిన తొలినాళ్లలోనే విశ్వాసంలోకి వచ్చినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరంలో ఉన్న పల్లెవాడు, మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు, యోగసాధన కూడా తెలిసినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు కబురు విన్నాడు. 1866లోనే భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి కరువు లేదు, గంజికేంద్రం లేదు, పంచిపెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. పేరయ్యకు కొత్తగా దొరికింది ఊరివాళ్ల కోపమే. అయినా ఊరూరా తిరిగి తన వాళ్లకు చెప్పాడు. మన పడమటి ప్రాంతపు సంఘాలకు తాతల నాటి పునాది అదీ.

పదేళ్లకు ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిలో చాలా భాగం మలమల మాడింది. అమెరికాలో కుర్రతనంలో సర్వే పని నేర్చిన మనిషి క్లౌ. ఆ చదువును ఆసరా చేసుకుని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ప్రసంగీకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది తట్టా పారా పట్టుకుని వచ్చి చేరారు. పొద్దంతా తవ్వేవాళ్లు. విరామంలో ప్రసంగీకుల మాటలు వినేవాళ్లు. మాకు బాప్తిస్మం ఇవ్వండని వందలమంది అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. కూలి ఇచ్చాడు, తిండి దొరికే దారి చూపాడు, బాప్తిస్మం మాత్రం ఆపేశాడు. ఏడాది దాటినా ఒక్కరినీ నీళ్లలోకి దింపలేదు. రోజూ అన్నం దొరుకుతున్న చోట నమ్మకాన్ని కొలవడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలుసు.

1878 జూన్ నాటికి కరువు తగ్గింది. సహాయ నిధులు కూడా అయిపోయాయి. ఇక డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండని చెప్పాడు. జనం వెళ్లలేదు. మాకు డబ్బు అక్కర్లేదు, చేతుల మీది బొబ్బలు చూడు, పని చేసుకునే బతుకుతాం, వచ్చే పంట పోతే చచ్చిపోతాం, చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నది వాళ్ల మాటల సారం. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మం జరిగింది. మూడో తేదీన నీళ్లలో నిలబడి ఆ పని చేసింది ఆరుగురు తెలుగు ప్రసంగీకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మన మార్కాపురం పక్కనుంచి పారే ఏరే ఆ గుండ్లకమ్మ.

2,222 అన్న అంకె మీరు ప్రతి సభలోనూ వింటారు. దాని వెనకున్న ఏడాది పైచిలుకు నిరీక్షణ గురించి ఎవరూ చెప్పరు. ఈ పాస్టరు దిగులంతా అక్కడే ఉంది.

ఎందుకంటారా? ఇప్పుడు గిద్దలూరు రోడ్డు మీద వెళ్తుంటే ఫ్లెక్సీలు కనబడతాయి. అప్పులు తీరతాయి, వీసా వస్తుంది, బోరులో నీళ్లు పడతాయి, రండి. విత్తన కానుక వెయ్యండి, వందంతలు కోసుకోండి. ఇది యేసు కపెర్నహూములో చెయ్యనన్న పని. మీ వయసు పిల్లలు అది చూసి, సేవ అంటే ఇదే కాబోలు అనుకుంటున్నారు. కాదు నాయనా! కాదమ్మా!

తర్లుపాడు వైపు ఒక రైతు పొలంలో బోరు వేయించబోతుంటే బయటి ఊరి యువ బోధకుడొకడు వచ్చి ప్రార్థన చేశాడు. ప్రార్థన మంచిదే. కానీ ప్రభువు నీళ్లు చూపించాడని అక్కడే ప్రకటించాడు. ఇల్లాలి మెడలో పుస్తెలు తాకట్టుకు వెళ్లాయి. రిగ్గు లోపలికి ఎంత దిగినా పైకి దుమ్మే లేచింది. ఆ కుటుంబం గుడికి రావడం మానేసింది. ఈ పాస్టరు వాళ్లింటికి వెళ్తే మజ్జిగ ఇచ్చి ఒకటే అడిగారు: దేవుడు అబద్ధమాడాడా, మా విశ్వాసం చాల్లేదా? రెండూ కాదు, ఇవ్వడానికి తన చేతిలో లేనిదాన్ని ఒక మనిషి మాటిచ్చాడని చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి వాళ్లతో కూర్చుని అప్పుల లెక్క రాశాడు. హబక్కూకు గ్రంథం చివర చదివాడు. అంజూరం పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో పశువులు లేకపోయినా దేవునిలో సంతోషిస్తానన్న ప్రవక్త మన మెట్టపొలాల మనిషిలాగే ఉంటాడు. ఆ భార్యాభర్తలు మళ్లీ రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక మాత్రం ఏమీ ఆశించి రాలేదు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లున్నారు. వాళ్ల దగ్గరకెళ్లి ఏ పాపం చేశారో ఒప్పుకోండి అనకండి. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు అదే ప్రశ్న అడిగితే, వీడూ వీడి తల్లిదండ్రులూ కాదని యేసు తేల్చేశాడు. షుగరు మాత్రలు మానిపించకండి. ఎంతోమందిని స్వస్థపరిచిన పౌలు త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చాడు. ఆ సంగతి తిమోతికి దాచకుండా రాశాడు. కడుపు నొప్పికి తిమోతికి చెప్పింది కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని. రోగి కోసం మోకాళ్లూనండి, తర్వాత లేచి బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పలకల గనుల్లో దుమ్ము పీల్చి దగ్గేవాడికి అభిషేక తైలం కంటే ముందు ఎక్స్‌రే కావాలి.

ఊళ్లో కరువొస్తే బియ్యం తెచ్చి పంచండి, తప్పకుండా పంచండి. గుడికి రాని ఇంటికి ముందు ఇవ్వండి. ఇచ్చేచోట ఫొటో తీయకండి, హాజరు వేయకండి, బాప్తిస్మాల జాబితా అసలు తెరవకండి.

ముందు వరుసలోని సంఘ పెద్దలకూ ఒక మాట ఉంది, అయ్యలారా. ఈ పిల్లలు జూన్‌లో మీ ఊళ్లకే వస్తారు. మీరు పాక ఇల్లు చూపిస్తారు, కానుక పెట్టెలో ఎంత పడితే అంతే జీతమంటారు. పెళ్లయి పిల్లలు పుట్టాక, పిల్లవాడి ఫీజు గడువు ముంచుకొచ్చిన నెలలో, అద్భుతాలు అమ్మమని వీళ్లకు పెద్ద శోధన వస్తుంది. దాన్ని తప్పించడం సగం మీ చేతుల్లో ఉంది. ఫలానా మొత్తమని సంఘ కమిటీలో తీర్మానం రాసుకోండి. నెల మొదటి వారంలో వాళ్ల చేతికివ్వండి. సంఘం జమాఖర్చులు ఏడాదికొకసారి గుడిలో అందరి ముందూ చదివించండి. ఈ సాయంత్రం భోజనాలయ్యాక ఏ పాస్టరు ఏ సంఘానికో మాట్లాడుకుంటారు గదా, ఆ బల్ల దగ్గరే ఇవి కూడా తేల్చండి.