బండి విడిదిలో కసవు జాగ్రత్త



ఈ సాయంకాలము నేను మీతో మాటలాడబోవు విషయము మిక్కిలి చిన్నది. వినుటకు సొంపైనదియు కాదు. అది కసవును గూర్చినది. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు శబ్దములు, సంధులు చెప్పిన పంతులు చెత్తను గూర్చి ప్రసంగించుటేమని మీకు నవ్వు రావచ్చును. నవ్వుడు. కాని ముగియువఱకు వినుడని వేడుచున్నాను. ఈ పాఠము నేను గ్రంథములలో చదివినది కాదు. ఒక మూగజీవము ప్రాణమిచ్చి నాకు నేర్పినది.

మాది కోసిగి. మాకు దాపుననే కౌతాళం మండలములో ఉరుకుంద గ్రామము గలదు. అచ్చట నరసింహస్వామి ఈరన్నయను పేర పూజ లందుకొనుచున్నాడు. శ్రావణమాసము వచ్చినదనిన మన సీమనుండియే కాక కర్ణాటకమునుండియు తెలంగాణమునుండియు జనులు బండ్లు కట్టుకొని వత్తురు. ఆ మాసముననే మంత్రాలయములో రాఘవేంద్రస్వామివారి ఆరాధన జరుగును. నా బాల్యములో అందఱును ఎద్దులబండ్లమీదనే వచ్చెడివారు. నేడు ట్రాక్టర్లు, జీపులు, కార్లు వచ్చినవి. వాహనము మాఱినను వాడుక మాఱలేదు. చెట్టునీడ చూచి బండి నిలుపుట, మూడు ఱాళ్లు పెట్టి పొయ్యి వెలిగించుట, రాత్రికి బండిలోనో బండిక్రిందనో పండుకొనుట, ఇవి యన్నియు అట్లే యున్నవి.

మఱియొక వాడుక కూడ అట్లే యున్నది. లేచిపోవునపుడు మిగిలినదానిని ఉన్నచోటనే విడిచిపోవుట. ఇది మన పెద్దల తప్పు కాదు. వారు విడిచినవి యేవి? మోదుగాకుల విస్తళ్లు, అరటితొక్కలు, పగిలిన మట్టికుండ, పిడికెడు బూడిద. విస్తరిని పశువు తినెను, లేదా చెద తినెను. కుండ మరల మన్నాయెను. నాలుగు వానలు పడునప్పటికి అచ్చట బండి విడిసినదను గుఱుతే లేదు. నేడు మన చేతిలోని వస్తువులు మాఱినవి. చేతివాటము మాత్రము మాఱలేదు. తంటా యంతయు ఇందే యున్నది.

ఇక నా కథ. 2018వ సంవత్సరము శ్రావణములో మా యింటివారమందఱము ట్రాక్టరు తొట్టిలో గోనెపట్టలు పఱచుకొని ఉరుకుంద పోయి, ఒక వేపచెట్టుక్రింద రెండు రాత్రులు విడిసితిమి. నేను శుభ్రత యెఱిగినవాడనని గర్వించువాడను. భోజనములు కాగానే మిగిలిన అన్నము, ఉల్లిపొట్టు, నూనె ప్యాకెట్లు, బెల్లము కట్టిన కవరు, అన్నియు ఒక ప్లాస్టిక్కు సంచిలో వేయించి నా చేతులతో గట్టిగా ముడివేసి చెట్టుమొదట పెట్టితిని. ఇరుగుపొరుగు బండ్లవారు చుట్టును వెదజల్లుచుండగా నేను మూటకట్టితినిగదా యని తృప్తిపడితిని.

తెల్లవాఱుజామున లేచి చూడగా ఒక యెఱ్ఱని యావు నోట సంచికొన వ్రేలాడుచున్నది. ఆవుగల ముసలివాడు పరుగెత్తి వచ్చి లాగెను. సగము చేతికి వచ్చెను, సగము లోనికి పోయెను. అతడు నన్నేమియు అనలేదు. మేము దర్శనము చేసికొని యింటికి వచ్చితిమి.

మఱుసటి యేడు పోయినపుడు అతనిని వెదకి ఆవు కుశలమడిగితిని. మేత మానినదట, కడుపుబ్బినదట, చచ్చినదట. పశువుల డాక్టరు కోసి చూడగా కడుపులో గంపెడు కవర్లున్నవట. నా ముఖము చూచి ఆ ముసలివాడు, “ఊరుకో అయివారూ, అన్నీ నీ సంచులే కాదులే, ఎందరివో” అనెను. తిట్టియున్న నాకు బాధ తగ్గెడిది.

మూటకట్టి విడుచుటలో తప్పేమని మీరడుగవచ్చును. ఆవునకు ముందటి పైదంతములు లేవు. నాలుకతో చుట్టి లాగి, నమలక మ్రింగి, పిమ్మట తీరికగా నెమరువేయును. లోని అన్నపు వాసనకు వచ్చిన పశువు ముడి విప్పలేదు గనుక సంచితోకూడ మ్రింగును. ప్లాస్టిక్కు మొదటి కడుపులోనే నిలిచిపోవును. అరగదు, పేడలో వెడలదు. ఏటికేడు చేరి ఉండలు కట్టి మేతకు చోటు లేకుండ చేయును. మేకులు, తీగముక్కలైనచో రెండవ కడుపున జేరి గ్రుచ్చుకొని యొక్కొకప్పుడు గుండెదాక పోవును. కావున ముడివేసిన సంచి వెదజల్లిన చెత్తకంటె మేలు కాదు. ఒక్కొక్కచో కీడే యెక్కువ.

మఱి చేయవలసినదేమి? ఆనాటినుండి మా యింట పాటించుచున్న పద్ధతిని విన్నవించెదను.

మొదటిది, బయలుదేఱుటకు ముందే చెత్తను తగ్గించుకొనవలెను. నూనె, పప్పు, బెల్లము ఇంటిలోనే డబ్బాలలోనికి మార్చుకొని కవర్లను ఇంటనే విడువవలెను. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టుకొనవలెను. త్రాగుటకు చెంబులు, తినుటకు కుట్టిన విస్తళ్లు. ప్లాస్టిక్కు పళ్లెములు, కప్పులు, చెంచాలు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతట నిషిద్ధములు.

రెండవది, బండిలో మూడు పాత్రలుంచుకొనవలెను. తడిచెత్తకు మూతగల డబ్బా. దాని యడుగున రెండు దోసిళ్ల పొడిమన్ను పోసి, ఎంగిలి వేసినప్పుడెల్ల పైన పిడికెడు చల్లవలెను. దుర్వాసనకు మూలము తడి. నీరు వంపివేసి మన్ను చల్లినచో రెండుమూడు దినములు ఈగ వ్రాలదు. పొడిచెత్తకు గోనెసంచి. కవర్లను చేతులు కడిగిన నీటితోనే తొలిచి, ఆరవేసి, మడిచి వేసినచో వాసన యుండదు, చోటును పట్టదు. నీటి కఱవు సీమలో మంచినీరు వాడబనిలేదు. మూడవది చిన్న డబ్బా. గాజుపెంకులు, బ్లేడ్లు, పాత బ్యాటరీలు, మందుబిళ్లలు అందులో వేయవలెను. పసిపిల్లల డయపర్లను కాగితమున చుట్టి వేఱుగ నుంచవలెను. 2016లో ప్రభుత్వము వెలువరించిన నియమములు కూడ ఈ మూడు విభాగములనే చెప్పినవి. బయలులందు పాఱవేయుట, కాల్చుట, పూడ్చుట వలదన్నవి.

కాల్చిన పీడ పోవునని కొందఱందురు. ప్లాస్టిక్కు పొగ విషము. అది నిదురించుచున్న మన పిల్లల ఊపిరిలోనికే పోవును. పొయ్యి బూడిదను గూడ వేడిమీద సంచిలో వేయరాదు. బూడిదచాటున నిప్పుకణిక తెల్లవాఱువఱకు బ్రతికియుండును. నీరు చల్లి, చేతితో తాకి చూచి, పిమ్మటనే యెత్తవలెను.

“ప్రసాదమున్న బండిలో ఎంగిలి పెట్టుకొని పోవుదుమా?” అని మా యింటి పెద్దావిడయే యడిగినది. న్యాయమైన ప్రశ్న. కావున తొట్టి వెనుకవైపున, వెలుపల, పొగగొట్టమునకు దూరముగా కొక్కెము పెట్టి వ్రేలాడదీసితిమి. ప్రసాదము ముందు, కసవు వెనుక. దారిలో జాఱిపడకుండ త్రాడు బిగించుట మాత్రము మఱువరాదు.

“ఊడ్చువారున్నారుగదా” అనువారును గలరు. ఉన్నారు. మన ఎంగిలిని, మన గాజుపెంకులను వట్టిచేతులతో ఏఱుట వారికి స్వామి పెట్టిన శిక్షయా? మనము పెట్టినదే.

కూరగాయల తొక్కలను పశువులకు పెట్టదలచినచో యజమాని నడిగి పెట్టుడు. అన్నమును మాత్రము గంపలకొలది పోయకుడు. మితిమీరిన అన్నమును పశువు కడుపున పులిసి ప్రాణాపాయము తెచ్చును. తుంగభద్రలోను, మన పొలములకు నీరిచ్చు దిగువ కాలువలోను ఏదియు విడువకుడు. కవర్లు తూముల కడ్డుపడినచో చివరి పొలమువాని కన్నీరే మిగులును.

మూడవది, ఇల్లు చేరిన పిమ్మటి పని. తడిచెత్త మన పెంటగుంతకు. అందులో ఒక్క కవరుముక్కయు పడరాదు. పడినచో ఎరువుతో చేనికి పోయి వేరునకు అడ్డుపడును. పొడిచెత్తయు, మూడవ డబ్బాలోనిదియు పంచాయతీ చెత్తబండికి వేఱువేఱుగ నీయవలెను.

పెద్దలారా! ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని మనవారి సామెత. విడిది చూచి ఊరిని చూడుమని నేనందును. తరువాత దిగువాడు ఆ చెట్టుక్రింద మన ఊరి పేరెట్లు తలచుకొనునో మన చేతిలోనే యున్నది. మీ మాట వినువా రింటింటను గలరు. ఈ శ్రావణములో బండి కదలుటకు ముందు మీరే యొకమాఱు దిగి, చుట్టును తిరిగి చూచి, పిమ్మట “పోనిమ్ము” అనుడు. ఆ తిరుగుటయు స్వామికి ప్రదక్షిణమే యని నా నమ్మకము.

ఆ యెఱ్ఱయావు ఋణము నేను తీర్పలేను. మీలో ఒక్కరు ఒక్క సంచిని వెనుకకు తెచ్చినను కొంత తీఱినదనుకొందును.