కొండ బొమ్మ వెనుక నాలుగు పంక్తులు



ఉగాదినాడు యుద్ధం మాటలేమిటని కొందరనుకోవచ్చును. మేము చెప్పబోయేది యుద్ధమును గూర్చి కాదు, యుద్ధరంగము నుండి ఇండ్లకు చేరిన కార్డులను గూర్చి.

1915 మే నెలలో ఇటలీ, ఆస్ట్రియా-హంగరీపై యుద్ధము ప్రకటించినది. పోరు డోలొమైట్ శిఖరముల కెక్కినది. ఆ సైనికులు వ్రాసిన బొమ్మల కార్డులను మేము కొన్నేండ్లుగా కూడబెట్టుచున్నాము. బొమ్మవైపు మంచుకొండ, నిర్మలాకాశము. ఎవరో విహారానికి వెళ్లి పంపినట్లుండును. మార్మొలాడా కొండ బొమ్మ కార్డొకటి మావద్ద నున్నది. ఆస్ట్రియా సైనికులు ఆ కొండమీది మంచుగడ్డలోనే సొరంగాలు త్రవ్వి తలదాచుకొనిరి. 1916 డిసెంబరు 13న మంచు విరిగిపడి అక్కడి శిబిరములో వందలమంది మరణించిరి. బొమ్మలో ఇదేమియు కనబడదు. వెనుక వ్రాతలోనూ కనబడదు. సెన్సారువారి కన్ను దాటవలెను గదా! కులాసా, మేజోళ్లు అందినవి, ఆవు ఈనినదా, ఇట్టివే ఆ నాలుగు పంక్తులు.

ఆ ప్రభుత్వమే మరొక కార్డు అచ్చువేసినది. “నేను ఆరోగ్యముగా ఉన్నాను, బాగున్నాను” అని తొమ్మిది భాషలలో ఒకే వాక్యము. మరొక్క ముక్క చేర్చరాదు. మన ఉభయకుశలోపరికి అంత దూరాన చుట్టమున్నదని మాకు అప్పుడే తెలిసినది.

బొమ్మ బాగున్నదని కార్డును ఆల్బములో జిగురుతో అంటించేవారున్నారు. అంతకు మించిన అపచారము లేదు. వెనుకనున్న తపాలా ముద్ర, దళము పేరు, ఊదారంగు పెన్సిలు వ్రాత, అన్నీ పోవును. ఆ వ్రాతకు తడి తగిలితే రంగు ప్రాకును. ఇక ఆనాటి జర్మను చేవ్రాత నేటి జర్మనులలో చాలామందికే కొరుకుడుపడదు. మేము అక్షరమక్షరము కూడబలుక్కొని నేర్చితిమి.

ఇంత నేర్చిన మాకు నిరుడు మా నాయనమ్మగారి పెట్టెలో కార్డుల కట్ట దొరికినది. కాకినాడనుండి ఆమె పుట్టింటివారు వ్రాసినవి. బడిలో కన్నడమే చదివిన మా పిల్లలు త్రిప్పి చూచి, “బొమ్మ లేదే!” అన్నారు. మేము చదువబోతే గొలుసుకట్టు వ్రాత. సగము మాటలు అందలేదు. ఆల్ప్స్ కొండల సైనికుని ఆవు సంగతి తెలిసినది గాని, మా నాయనమ్మగారి ఇంటి సంగతి తెలియలేదు!

గొలుసుకట్టు చదువగల పెద్దలు మన సంఘములో ఇంకను ఇద్దరున్నారు. వచ్చే ఆదివారము సాయంకాలము వారివద్ద కూర్చొనబోవుచున్నాము. మీ పెట్టెలలోనూ కార్డులుండును, తీసికొని రండి. జిగురు మాత్రము తేవద్దు.