‘నీకు రాదులే’ అన్నోళ్లు ఏ కాలమ్ చూసి చెప్పారు?

(ఇంటర్ రాసిన ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా కొద్దిగా సరిదిద్ది పెడుతున్నాం.)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతా.

నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నప్పుడు మా పక్క ఊరి చెల్లి ఒకామె జేఈఈ మెయిన్ ర్యాంకు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు. సంత రోజు చూసుకుని కొండ దిగి వచ్చింది. "అన్నా, ఎన్ఐటీలో సీటు వస్తాదా?" అనడిగింది. నేను ఫోన్‌లో పోయిన ఏడాది పట్టిక తీశా. ఆమె ర్యాంకు చూశా. "రాదమ్మా, దగ్గర్లో డిగ్రీలో చేరిపో" అన్నా. చేరిపోయింది.

రెండు నెలల తర్వాత ఇంకో తమ్ముడి కోసం అదే పట్టిక మళ్లీ తీశా. అప్పుడు తెలిసింది, నేను చూసింది ఓపెన్ కాలమ్ అని. ఎస్టీ కాలమ్‌లో చూస్తే ఆమెకి సీటు వచ్చేలాగే ఉంది. ఆ సీటు ఏ దొరా లాక్కోలేదు. చదువుకున్న అన్నని, నేనే పోగొట్టా.

అందుకే ఈరోజు స్ఫూర్తి ప్రసంగం చేయను. "వస్తుందా, రాదా" అన్నది ఎలా లెక్కపెట్టాలో, అదొక్కటే చెప్తా.

మొదటిది. మీ ర్యాంకు కార్డులో రెండు ర్యాంకులుంటాయి. ఒకటి దేశం మొత్తానికి కలిపి ఇచ్చే కామన్ ర్యాంకు. రెండోది ఎస్టీ ర్యాంకు. కామన్ ర్యాంకు లక్ష దాటినా ఎస్టీ ర్యాంకు కొన్ని వేలల్లోనే ఉండొచ్చు. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు పంచే జోసా వాళ్ల పట్టికలో ఎస్టీ వరుసలో కనిపించే అంకెలు ఎస్టీ ర్యాంకులు. కాబట్టి ఎస్టీ ర్యాంకుని ఎస్టీ ర్యాంకుతోనే పోల్చాలి. దరఖాస్తులో ఎస్టీ అని టిక్ పెట్టకపోతే ఆ ర్యాంకే రాదు, జాగ్రత్త. ఇంకో మాట. మీ కామన్ ర్యాంకు బాగుంటే ఓపెన్ సీటు కూడా మీదే. ఓపెన్ అంటే అందరిదీ అని, వేరేవాళ్లది అని కాదు.

రెండోది. ఆ పట్టికలో చివరి రౌండు చూడాలి. మొదటి రౌండు చూసి భయపడేవాళ్లే ఎక్కువ. ఒక్క ఏడాది కాదు, మూడేళ్లవి చూడండి. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. తెలంగాణ పిల్లలకి వరంగల్, ఆంధ్ర పిల్లలకి తాడేపల్లిగూడెం సొంత రాష్ట్రం కింద వస్తాయి. ఆ వరుస వేరుగా ఉంటుంది. చెల్లెళ్లూ, మీరు రెండు వరుసలు చూడాలి. అమ్మాయిలకే ఉన్న సీట్లు ఒకటి, అందరికీ ఉన్నవి ఒకటి. మీకు రెండింట్లోనూ హక్కుంది.

మూడోది, కాలేజీల వరుస పెట్టడం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. "ఎలాగూ రాదు కదా" అని పెద్ద కాలేజీ పేరు కింద పెడతారు, లేదా అసలు పెట్టరు. ఆ కంప్యూటరు మీ లిస్టు పైనుంచి చూసుకుంటూ వస్తుంది. పైది రాకపోతే కిందది ఇస్తుంది. పైన ఆశ పెట్టుకున్నంత మాత్రాన కింది సీటు పోదు. అందుకని మీకు ఇష్టమైన వరుసలోనే పెట్టండి. పైన కష్టమైనవి, మధ్యలో అటూ ఇటూ ఉన్నవి, అడుగున ఖాయంగా వచ్చేవి. మూడు రకాలూ ఉండాలి. అడుగున ఖాయమైనవి లేకుండా లిస్టు మూసేయడం ధైర్యం కాదు, జూదం.

నాలుగోది. ఏ గుమ్మానికి ఎంత కోటా ఉందో తెలుసుకోండి. కేంద్ర సంస్థల్లో మనకి 7.5 శాతం. ఆంధ్ర రాష్ట్ర కాలేజీల్లో 6 శాతం. తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలు చాలావాటిలో మన కోటానే లేదు, అక్కడ ఓపెన్ లెక్కే వేసుకోవాలి. ఫీజు కూడా ఛాన్సులో భాగమే. ఐఐటీ, ఎన్ఐటీల్లో ఎస్టీ పిల్లలకి ట్యూషన్ ఫీజు లేదు. మెస్సు, దారి ఖర్చులు మాత్రం ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

ఇంజనీరింగే లోకం కాదు. సీయూఈటీ రాస్తే ఢిల్లీ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి ఉన్నాయి. కానీ పరీక్ష రాసేస్తే పని అయిపోదు. చాలా యూనివర్సిటీల్లో మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టాలి. మార్కులు మంచిగా వచ్చి, ఇది తెలియక ఇంట్లో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. లా చదవాలనుకునేవాళ్లకి క్లాట్ ఉంది. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ దానితోనే సీట్లు ఇస్తాయి.

లా ఎందుకంటున్నానంటే, 2020 ఏప్రిల్‌లో జీవో నంబర్ 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న జీవో అది. ఆ తీర్పు చదివి మా ఊళ్లో అర్థమయ్యేలా చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. మన భూమి గురించి, మన ఉద్యోగాల గురించి ఎవరో రాసింది ఇంకెవరో చదివి మనకి చెప్తున్నారు. పెద్ద యూనివర్సిటీలో ఒక సీటు అంటే నాకు గుర్తొచ్చేది జీతం కాదు, ఆ రోజు.

చివరిది, కాగితాలు. ర్యాంకు దగ్గర ఓడిపోయినవాళ్లకంటే కాగితం దగ్గర ఓడిపోయినవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. కేంద్ర సంస్థలకి ఎస్టీ సర్టిఫికెట్ వాళ్లు చెప్పిన నమూనాలో ఉండాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకేలా ఉండాలి. సీటు వచ్చాక గడువులోపు డబ్బు కట్టి, కాగితాలు పెట్టకపోతే వచ్చిన సీటు కూడా పోతుంది. అందుకే రిజల్టు కోసం ఆగకుండా ఇప్పుడే సర్టిఫికెట్ కోసం తిరగండి. ఆఫీసులో రేపు రమ్మంటే ఒంటరిగా వెళ్లొద్దు, మమ్మల్ని పిలవండి.

నేను అందరికీ వస్తుందని చెప్పట్లేదు. లెక్కపెట్టాక కొందరికి రాదనే తేలుతుంది. అప్పుడు కూడా అది మీరు లెక్కపెట్టి తెలుసుకున్న మాట అవుతుంది. లెక్చరరు చెప్పారని, ఎవరో అన్న అన్నాడని ఆగిపోవద్దు. నేను చెప్పినా ఆగొద్దు.

ఆ చెల్లి డిగ్రీ అయిపోయింది. ఈ ఏడాది పీజీ ఎంట్రన్సు రాస్తోంది. మొన్న సంతలో కలిసింది. జరిగింది చెప్పి క్షమించమన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, "ఎస్టీ కాలమ్ ఏది, చూపించు" అంది. చూపించా. ఈసారి వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు. ఆమే చదువుకుంది.

మీరూ అలాగే చదువుకోండి. ఈ సాయంత్రం ఇక్కడే కూర్చుందాం. ర్యాంకు కార్డులు తియ్యండి.

జై ఆదివాసీ.